మూడు ఊళ్లలో ఆరేసిన జేబురుమాలు

నవంబరు, రెండవ సోమవారం, ఉదయం. స్థలం: మణుగూరు బస్టాండు. హాజరు: నేను. సాగనంపడానికి వచ్చినవారు: లేరు.

గనిలో పనిచేసినన్నాళ్లూ షిఫ్టు రాసేటప్పుడు ముందు తేదీ, తరువాత హాజరు వెయ్యడం నాకు అలవాటు. ఉద్యోగం అయిపోయాక కూడా డైరీ అలాగే మొదలుపెడతాను. నా భార్య కమల ఉన్నప్పుడు రెండు పేర్లు రాసేవాడిని. ఆమె తొంగిచూసి, "నేనొకనాడు సెలవు పెడితే ఏంజేస్తరు? జీతం కోస్తరా?" అని నవ్వేది. ఆమె పోయి మూడేళ్లయింది.

ఈ ప్రయాణం దేనికో ముందే చెప్పాలి. మా వీధి వరకూ పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని జరుగుతూ వస్తోంది. వేసవి రాకముందే అందరం ఇళ్లు ఖాళీ చెయ్యాలి. ఇరుగుపొరుగు చాలామంది ఇప్పటికే ఖమ్మానికో కొత్తగూడేనికో తమవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. మాకు పిల్లలు లేరు. కాబట్టి నేను ఎక్కడికైనా వెళ్లవచ్చు. స్నేహితులంతా ఇదే మాట అన్నారు, "నీకేంరా, యాడికన్న పోవచ్చు" అని. అందులో కొంచెం అసూయ కూడా వినిపించింది. వాళ్లు వెళ్లిపోయాక తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎక్కడికైనా వెళ్లగలిగినవాడు ఎక్కడికని వెళ్లాలి?

డాక్టరు నా దగ్గు విని, దుమ్ము లేనిచోట, వీలైతే సముద్రం పక్కన ఉండమన్నాడు. అందుకని విశాఖపట్నం అనుకున్నాను. ఆ ఊరికి కమలా నేనూ ఒక్కసారి వెళ్లాం, ఉద్యోగంలో ఉన్నప్పుడు. లాడ్జిలో ఆమె నా చొక్కా ఉతికి కిటికీకి ఆరేసింది. తెల్లవారినా ఆరలేదు. తడిచొక్కాతోనే సింహాచలం కొండ ఎక్కాను. "బట్టలు ఆరని ఊరు మనకొద్దు," అని ఆమె తీర్మానించింది. సముద్రం గురించి ఆమె చెప్పింది అంతే.

బట్టలు ఆరెయ్యడం మా బొగ్గు ఊళ్లలో చిన్న విషయం కాదు. కమల పొద్దున్నే గేటుకు ఒక తెల్లగుడ్డ ముక్క కట్టేది. టీ తాగి వచ్చేసరికి ఆ గుడ్డ నల్లబడితే ఆ రోజు ఉతికినవి ఇంట్లోనే ఆరేసేది. తెల్లగా ఉంటే బయట. వీధిలో ఆడవాళ్లంతా మా గేటు చూసి బట్టలు ఆరేసుకునేవారు. మరో పద్ధతి కూడా ఉంది. మధ్యాహ్నం గనిలో పేలుళ్లకు ముందు సైరన్ మోగుతుంది. మోగగానే ఇంట్లో ఎవరుంటే వాళ్లు పరుగెత్తి తీగల మీది బట్టలన్నీ తీసేస్తారు. తమవి, పక్కింటివి, తాళం వేసి ఉన్న ఇంటివి, అన్నీ. సాయంత్రం ఎవరివి వాళ్లకు మడతపెట్టి ఇస్తారు. ఇలా చెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. దీనికి ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలూ చెప్పరు.

మొన్న శ్రావణంలో ఒక రోజు నేను బ్యాంకులో ఉండగా సైరన్ మోగింది. ఇంటికి వచ్చి చూస్తే తీగ మీద నా బనీన్లు, దుప్పటి బూడిదరంగులో ఉన్నాయి. అటు ఇటు ఇళ్లన్నీ తాళాలే. తీసేవాళ్లు ఎవరూ మిగల్లేదని ఆ రోజు తెలిసింది.

నేను గనిలో బొగ్గు నమూనాలు తీసేవాడిని. కుప్పలో ఎక్కడ పడితే అక్కడ పిడికెడు తీస్తే నమూనా కాదు. దానికో వరస ఉంటుంది. ఊరు ఎంచుకోవడానికి కూడా వరస ఉండాలనుకున్నాను. ఇళ్లు చూపిస్తామని ఫోనులో చెప్పినచోట ఒక్కో రాత్రి ఉంటాను. ఒక్కో కొత్త తెల్ల జేబురుమాలు బయట ఆరేస్తాను. తెల్లవారి చూస్తాను. పద్ధతి కమలది, జేబురుమాళ్లు మాత్రం బజారువి.

రైల్లో

విజయవాడలో బస్సు దిగి రైలెక్కాక ఎదుటి సీట్లో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నా వయసే. నల్లటి మనిషి, మెడమీద కండువా, ఒళ్లో అట్టపెట్టె. తాడేపల్లిగూడెం దాటకముందే మాట కలిపాడు.

"ఏ ఊరు బాబూ మనది?"

"మణుగూరు. భద్రాచలం దగ్గర."

"రాములోరి పక్కనుండీసి మా ఊరెందుకండి? సింహాచలం అప్పన్న దర్శనానికా?"

"ఇల్లు చూసుకుందామని వచ్చిన."

"ఎవులికి?"

"నాకే."

"పిల్లలో?"

"లేరు."

"ఇంటావిడ?"

నేను కిటికీ వైపు చూశాను. ఆయన వెంటనే అట్టపెట్టె విప్పాడు. "ముందు ఈ కాజా తినండి. మేనకోడలి పెళ్లిది. బెల్లం పాకం, పళ్లు జాగర్త."

పేరు అప్పలనాయుడు. ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. కూర్మన్నపాలెంలో సొంత ఇల్లు. నా ఉద్యోగం అడిగాడు. చెప్పాను.

"బొగ్గా! బొగ్గు లేందే ఇనుము కరుగుతాదేటి? మీరూ మేమూ సుట్టాలం. ఇకనుంచి బావా అంటాను, ఏటనుకోకు." అంటూనే 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగిపోయాడు. మా వైపు అంత తొందరగా వరస కలపరు. కలిపితే మాత్రం పెళ్లికి పిలుస్తారు. నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

నా జేబురుమాలు పద్ధతి, చూడబోయే ఊళ్లు చెప్పాను: మధురవాడ, భీమిలి.

"మరి మా కూర్మన్నపాలెం?"

"బొగ్గు ఊరు వదిలి ఉక్కు ఊరికి వస్తే ఏం లాభం నాయుడుగారూ? దుమ్ము తప్పించుకుందామనే గద."

"దుమ్ముంటాది. నేదని నాను అబద్దం సెప్పను," అన్నాడు. అయినా నా ఫోను తీసుకుని తన నంబరు నొక్కి, "అప్పలనాయుడు బావ" అని తనే పేరు రాసి ఇచ్చాడు. దిగేటప్పుడు మిగిలిన కాజాలు నా సంచిలో వేసి, వద్దంటున్నా వినకుండా జనంలో కలిసిపోయాడు.

మధురవాడ

మధురవాడలో ఎటు చూసినా ఎత్తయిన భవనాలు, వాటి మధ్య కట్టబోతున్న మరిన్ని భవనాలు. వీపున సంచులు వేసుకున్న పిల్లలు బైకుల మీద పోతుంటారు. నేను బస్సులో ఒక స్టాపు ముందే దిగిపోయి, ఎండలో చాలాదూరం నడిచాను. దారి అడుగుదామంటే ప్రతివారి చెవిలోనూ ఏదో ఉంది. చివరికి కొబ్బరిబోండాలమ్మే ఆవిడ చెప్పింది. ఆ బోండాం యాభై రూపాయలు. మా దగ్గర అంత పెట్టి కొబ్బరినీళ్లు తాగేవాడు ఆసుపత్రిలో ఉంటాడు.

అపార్టుమెంటు గేటు దగ్గర ఫోను నంబరు, వచ్చిన పని, ఫోటో తీసుకున్నారు. ఏజెంటు కుర్రాడు తొమ్మిదో అంతస్తులో ఖాళీ ఫ్లాటు చూపించాడు. రెండు రాత్రులు ఉండి చూసుకోమన్నాడు. "గాలి సూపర్ సార్, మీ ఊళ్లో ఇలాంటి గాలి ఉండదు," అన్నాడు. నిజమే, గాలి బాగుంది. బాల్కనీలోంచి దూరంగా సన్నటి నీలంగీత కనిపించింది. అది సముద్రమన్నాడు.

సాయంత్రం కింద తోటలో ఒక చక్కటి బెంచీ మీద కూర్చున్నాను. ఒక పెద్దాయన చేతులు ఊపుతూ తిరుగుతున్నాడు. నా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నమస్కారం పెట్టాను. రెండోసారి తల ఊపాడు. మూడోసారికి తోట అవతలివైపు తిరగడం మొదలుపెట్టాడు. ఆయనకేదో పని ఉండి ఉంటుంది. లిఫ్టులో ఒకమ్మాయి, "అంకుల్, ఏ ఫ్లోర్?" అని అడిగి మీట నొక్కింది. నాతో ఆ రోజు అక్కడివాళ్లు మాట్లాడిన మాట అదే.

రాత్రి హోటలు నుంచి తెచ్చుకున్న ఇడ్లీ తిని, బాల్కనీ ఊచకు జేబురుమాలు కట్టి పడుకున్నాను.

తెల్లవారాక గంట మోగితే ఎవరో పలకరించడానికి వచ్చారనుకుని చొక్కా వేసుకుని తలుపు తీశాను. గేటు కాపలా మనిషి.

"సార్, కోప్పడకండి. బాల్కనీలో గుడ్డ తీసెయ్యాల. బయటికి కనబడేలా ఏటీ ఆరెయ్యకూడదండి ఇక్కడ."

"జేబురుమాలే కదయ్యా."

"నాకు తెల్దేటండి? నిన్న రాత్రే ఎవులో ఫోటో తీసి వాట్సాపు గ్రూపులో ఎట్టీసినారు. పొద్దున్నకి శానామంది దానికింద బొటనేలు బొమ్మలెట్టీసినారు. సెక్రెట్రీగారు నన్ను తిట్టీసినారు."

"ఎదురింటివాళ్లు నాకే చెప్పొచ్చు గదా?"

"ఇక్కడ అలా సెప్పుకోరండి. గ్రూపులోనే సెప్పుకుంటారు." వెళ్లబోతూ ఆగి, "టీ కావాలంటే గేటుకాడికి రండి. నాను ఏడింటికి డూటీ దిగిపోతాను, ఈలోగా తాగుదాం," అన్నాడు. నేను కిందికి వెళ్లేసరికి వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. అతను నా పేరు, ఫోను నంబరు మళ్లీ అడిగాడు.

జేబురుమాలు విప్పి చూశాను. పాలలా తెల్లగా ఉంది. డైరీలో "గాలి: ఉత్తమం" అని రాశాను. రెండో రాత్రి ఉండలేదు.

తగరపువలస మీదుగా భీమిలి

తగరపువలస పెద్ద బజారు. హైవే లారీలు, సంచులు, కూరగాయల రాశులు, అరుపులు. ఇక్కడ వంకాయ మా ఊరికంటే చౌక, కాఫీ మాత్రం ప్రియం. జనంలో ఒకరి భుజం ఒకరికి తగులుతుంటే హాయిగా అనిపించింది. అక్కడ పని లేకపోయినా కాసేపు తిరిగి, రెండు నిమ్మకాయలు కొని భీమిలి ఆటో ఎక్కాను. నిమ్మకాయలు దేనికో నాకే తెలియదు.

ఇల్లు జాలరిపేటకు కొంచెం ఎడంగా ఉంది. ఇసకదిబ్బ పక్కన, సరుగుడు చెట్ల నీడలో. ఒక గది, వరండా. ఇంటివారు వేరే ఊళ్లో ఉంటారు, తాళం కొట్టువాడి దగ్గర పెట్టారు. వరండాలో కూర్చుంటే ఎదురుగా సముద్రం తప్ప ఏమీ లేదు. దగ్గు రాలేదు. మధ్యాహ్నానికి ఆ సంగతి గుర్తించి ఆశ్చర్యపోయాను.

తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చింది. పేరు నూకాలమ్మ. మొగుడూ మరిదీ వేటకు వెళతారు, ఈమె అమ్ముతుంది.

"సేప గావాల బాబూ? ఇందాకే ఒడ్డునెట్టినారు, ఇంకా కొట్టుకుంటన్నాది సూడండి."

"ఒక్కడికి సరిపోయేది ఇయ్యమ్మ."

ఆమె తట్ట దించి చేపలన్నీ అటూ ఇటూ తిప్పింది. "ఒక్కరికేటండి? ఇంత సేప కొంటే నలుగురు తింటారు. సిన్నవి కొంటే గుప్పెడు. ఒక్క మడిసి తినీ లెక్క సముద్రంలో దొరకదు బాబూ." తనే నవ్వి, మళ్లీ నా గదిలోకి తొంగిచూసి నవ్వు ఆపింది. పొయ్యి లేదు, గిన్నె లేదు. "పోన్లెండి, నానే ఒండీసి పంపుతాను. సేప కడగడానికి రెండు నిమ్మకాయలుంటే బాగున్ను."

నిమ్మకాయలు ఇచ్చాను.

అన్నం, చేపల పులుసు గిన్నెలో తెచ్చి పెట్టింది. కారం మా వైపు కంటే తక్కువ, చింతపండు ఎక్కువ. చాలా రుచిగా ఉంది. తింటుంటే ఆమె మెట్టు మీద కూర్చుని అడిగింది.

"ఇక్కడ ఉండిపోతారేటి?"

"గాలి మంచిగుంది. ఉంటే బాగుండని ఉంది."

"గాలికేటి, బాగుంటాది. మరి ఒంట్లో బాగోపోతే ఎవులు సూత్తారు?"

"పక్కన మీరంతా ఉన్నరు గద?"

"ఉన్నాం బాబూ. అయితే మేం ఉండీది ఎప్పుడు? మగోళ్లు సీకట్నే ఏటకెల్పోతారు. ఆడోళ్లం తట్టలెత్తుకుని ఎల్పోతాం. మద్దేనం ఒచ్చి కునుకేత్తాం. మీరు పిలిత్తే ఇనబడాల గదా." కసురుతున్నట్టు లేదు, జాలి పడుతున్నట్టూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. గిన్నె కడుక్కుని, "ఎల్లొత్తాను, సేపలు కొనీ సైకిలోడు ఎల్పోతాడు," అంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం ఒడ్డుకు వెళ్లాను. మగవాళ్లు నలుగురైదుగురు వల బాగుచేస్తున్నారు. వాళ్ల మాటల్లో గాలివాటం, ఇంజను ఆయిలు, ఎవరిదో అప్పు, ఎవరి మీదో పరాచికం. జరిగి నాకు చోటిచ్చారు. కూర్చున్నాను. కాసేపటికి మొహమాటపడింది నేనే. వాళ్ల చేతుల్లో పని ఉంది. నేను చూడడానికి వచ్చినవాడిని, ఏళ్ల తరబడి ఉన్నా చూస్తూనే ఉంటాను. అలల చప్పుడుకు మనిషి అలవాటు పడతాడంటారు. నాకు ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఇంట్లో ఇంకే చప్పుడూ లేదన్న సంగతే వినిపించింది.

సరుగుడు కొమ్మకు కట్టిన జేబురుమాలు ఉదయానికి ఉప్పుకు బిరుసెక్కి అప్పడంలా ఉంది. మచ్చ లేదు. నా పద్ధతి ప్రకారం ఇదే గెలిచినట్టు. కొట్టువాడికి తాళం ఇస్తూ ఆలోచించుకుని చెబుతానన్నాను. అతను ఎందుకో, "చాలామంది అలాగే అంటారు సార్," అన్నాడు.

తిరుగు రైలు మర్నాడు. మధ్యలో ఒక రాత్రి ఉంది. లాడ్జికి వెళ్లాలని బస్సెక్కాను. సంచిలో చెయ్యి పెడితే కాజా తగిలింది. ఫోను తీసి "అప్పలనాయుడు బావ" అన్నచోట నొక్కాను. ఎందుకు నొక్కానో వేరే వివరణ రాయను, కాజా తగిలింది, అంతే.

కూర్మన్నపాలెం

జంక్షన్లో బస్సు ఆగకముందే కేక వినిపించింది.

"బావా! ఒచ్చీసినావా! నాను సెప్పలేదూ, ఒత్తావని!"

బస్సులోవాళ్లంతా చూశారు. నన్ను ఎరిగినవాడు ఈ ఊళ్లో ఒకడున్నాడని అందరికీ తెలిసిపోయింది. సిగ్గుపడ్డాను, సంతోషపడ్డాను కూడా.

డ్యూటీ బస్సులు దిగుతున్న మనుషులు, భుజానికి సంచీ, చేతిలో టిఫిను గిన్నె. ఆ నడక నాకు తెలుసు. షిఫ్టు దిగినవాడు ఏ ఊళ్లోనైనా ఒకేలా నడుస్తాడు. ఆకాశం భీమిలిలా నీలంగా లేదు, మా ఊరిలా బూడిదగానూ లేదు. ఏ రంగో చెప్పలేకపోయాను.

టీకొట్టు దగ్గర నాయుడి స్నేహితులు ఉన్నారు. మురీ మిక్చరు పొట్లాలు తెప్పించారు. మరమరాలు, ఉల్లిపాయ, నిమ్మరసం. మధురవాడ కొబ్బరిబోండాం డబ్బుతో ఇక్కడ ఇద్దరు తినవచ్చు. నాయుడు నన్ను పరిచయం చేస్తూ నా జేబురుమాలు సంగతి అందరికీ చెప్పేశాడు.

"జేబురుమాలెట్టి ఊరు తూకమేత్తన్నాడ్రా మా బావ!"

ఒకాయన తన పాత చొక్కా కాలరు చూపించి, "నమూనా రెడీగా ఉన్నాది, పట్టుకెల్పోండి," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కమల పోయాక నలుగురిలో నవ్వడం ఎప్పుడో గుర్తులేదు. అయినా నా మనసులో లెక్క మారలేదు. దగ్గు ఇక్కడ రెండుసార్లు వచ్చింది. వీళ్లందరికీ సాయంత్రం ఇళ్లున్నాయి, టీ అయ్యాక వెళ్లిపోతారు. ఒక పూట నవ్వుకోసం ఊపిరితిత్తులు ఇవ్వలేను గదా.

నాయుడింట్లో మేనకోడలి పెళ్లి చూసుకుని వచ్చిన చుట్టాలు ఇంకా ఉన్నారు. అందుకని పక్కింటి మేడమీద గదిలో నాకు పడక ఏర్పాటు చేశాడు. ఆ ఇల్లు ఎస్తేరమ్మగారిది. అరవై దాటిన మనిషి, భర్త లేడు, కొడుకు కర్మాగారంలో కాంట్రాక్టు పనికి వెళతాడు. గది అద్దెకిచ్చేదేనట, రెండు నెలలుగా ఖాళీ. ఆమె తాళం తీసి, కిటికీ తెరిచి, గోడమీది క్యాలెండరు సరిచేసి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నీళ్లు పొద్దున్నే ఒత్తాయి. బేగి పట్టుకోండి. ఆదివారం మేం సర్చికెల్పోతాం, గేటు మీరే ఏసుకోవాల."

"నేను ఆదివారం దాకా ఉండనమ్మా. రేపు వెళ్లిపోతా."

"అలాగా," అని దిగిపోయింది.

మేడమీద గోడ నుంచి గోడకు తీగలు. నాయుడి మేడకూ ఈ మేడకూ మధ్య చెయ్యి చాచితే అందేంత ఎడం. చీకటి పడేముందు మూడో జేబురుమాలు తీగకు తగిలించాను. ఇక్కడ ఫలితం ఎలా ఉంటుందో ముందే తెలుసనుకున్నాను. నమూనా తీసేవాడు అలా అనుకోకూడదు. అయినా అనుకున్నాను. అలసిపోయి పడుకున్నాను.

మర్నాడు ఉదయం

లేచేసరికి బాగా తెల్లవారింది. కళ్లద్దాలు పెట్టుకుని గది బయటికి వచ్చాను. తీగ నిండా బట్టలు. కాకీ చొక్కాలు, చీరలు, తువ్వాళ్లు. నా జేబురుమాలు కట్టినచోట ఎవరిదో లంగా వేలాడుతోంది. వెతికితే చివర్న, ఒక దుప్పటి పక్కన, రెండు క్లిప్పులతో కనిపించింది. నీళ్లు కారుతున్నాయి. సబ్బు వాసన.

మెట్ల దగ్గరికి వెళ్లి పిలిచాను.

"అమ్మా, నా జేబురుమాలు ఎవరు ఉతికిన్రు?"

ఎస్తేరమ్మగారు బకెట్టుతో పైకి వచ్చింది. "నానే. ఏం, రంగేటైనా అంటుకున్నాదా?"

"అది ఉతకకూడదు. దుమ్ము ఎంత పడుతదో చూద్దామని ఆరేసిన."

పక్కమేడ మీద పళ్లు తోముకుంటున్న నాయుడు విన్నాడు. బ్రష్షు తీసి గోడకానుకుని పెద్దగా నవ్వాడు. "ఎంత పని సేసినావు ఎస్తేరూ! ఆయన పరీచ్చ పేపరు కడిగీసినావు!"

"నాకేటి తెలుసు?" ఆమె అతని మీదికి లేచింది. "రాత్రంతా మంచులో ఒగ్గీసినాడు. ఆడమడిసి నేని మొగోడు, ఉతకడం సేతకాక నీళ్లలో జాడించీసి ఆరేసినాడనుకున్నాను. నువ్వు ఇంత తెలిసినోడివి, ఒక మాట ముందు సెప్పొద్దేటి?"

నేను వదలలేదు. అలవాటు. "పోనీ, తీసినప్పుడు ఎట్లుందో చెప్పండి. తెల్లగుందా? నల్లగుందా? ఎర్రగా ఏమన్న?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "సూడలేదు బాబూ. మా వోడి డూటీ బట్టల్లో పారీసినాను. ఒకే నీళ్లు. ఎవులి మురికి ఎవులిదో ఏటి సెప్పీది?"

"పోనీ ఇంకో రుమాలెట్టు బావా," అన్నాడు నాయుడు. "ఇంకో రాత్రుండు."

సంచిలో కొత్తవి ఇంకా ఉన్నాయి. అయినా తియ్యలేదు. తీగ మీద దుప్పటికీ ఎవరిదో చొక్కాకీ మధ్య అది చిన్నగా ఊగుతోంది. ఇల్లు వదిలి వచ్చాక నా బట్ట ఇంకొకరి చేతికి తగలడం అదే మొదటిసారి. ఇంటిదగ్గరైతే శ్రావణం నుంచీ తగల్లేదు.

"అమ్మా, నేను ఇంట్లో లేనప్పుడు వాన వస్తే?" అని అడిగాను.

ఆమె, ప్రశ్న అర్థం కానట్టు చూసింది. "వానొత్తే ఏటి? తీసీత్తాం. మీవి ఒగ్గీసి మావే తీసుకుంటామేటి?" బకెట్టు ఎత్తుకుని రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగింది. "గది గావాలా, ఒద్దా? సెప్పీండి. ఎవులో అడుగుతన్నారు."

"ఎవరికీ ఇయ్యకండి. సామాను తెచ్చుకుంట."

"మరి దుమ్ము?" అన్నాడు నాయుడు, ఈసారి నవ్వకుండా.

"కిటికీకి తెర కట్టుకుంట. మీరే చెప్పిన్రు గద, ఉంటదని."

రైలుకు టైమవుతోంది. తీగ మీంచి జేబురుమాలు తీశాను. నాలుగు అంచులూ పట్టి చూశాను, వేళ్లతో నలిపి చూశాను. కమల చెప్పినట్టే, ఇంకా ఆరలేదు. తడిగానే మడతపెట్టి జేబులో పెట్టుకుని మెట్లు దిగాను.